వెతికితే దొరికే గడ్డలు

1940 సెప్టెంబరు. లండన్ మీద రోజూ రాత్రి బాంబులు పడుతున్నాయి. చీకటి పడగానే జనం షెల్టర్లలోకి దిగి తెల్లారేదాకా అక్కడే గడిపేవారు. నడుం వాల్చడానికి చోటు లేక చాలామంది మన పడక కుర్చీల్లాంటి గుడ్డ కుర్చీల్లోనే కునుకు తీసేవారు. పొద్దున లేచాక వాళ్లలో కొందరు ఉన్నట్టుండి కుప్పకూలిపోయేవారు. ఒంటిమీద గాయమంటూ ఉండేది కాదు. ఆ శవాలను పరీక్షించిన వైద్యుడు కీత్ సింప్సన్. తర్వాతి రోజుల్లో బ్రిటన్‌లోని పేరుమోసిన హత్య కేసుల్లో సాక్ష్యం చెప్పింది ఈయనే. ఆ డిసెంబరులో లాన్సెట్ పత్రికలో ఆయన ఒక లెక్క రాశాడు. అంతకు ముందు ఏడాది ఇదే కాలంతో పోలిస్తే, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడి హఠాత్తుగా పోయినవాళ్లు ఆరు రెట్లు ఉన్నారట. తప్పు కుర్చీది. దాని ముందు అడ్డకర్ర రాత్రంతా తొడల కింద ఒత్తుకుని రక్తాన్ని కాళ్లలోనే నిలబెట్టేసేది. ఆ తర్వాత షెల్టర్లలో పడుకోవడానికి మంచాలు వేశారు.

అదే యుద్ధంలో నార్వేలో దీనికి సరిగ్గా ఎదురు జరిగింది. జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఆ దేశంలో వెన్న, మాంసం కరువైపోయాయి. ఆ కాలంలో ఆపరేషన్ల తర్వాత వచ్చే రక్తం గడ్డలు తగ్గాయి. యుద్ధం ముగిసి తిండి దొరకగానే మళ్లీ పెరిగాయి. కొవ్వు తక్కువ తిండే కారణమని కొందరు వైద్యులు అనుకున్నారు.

గడ్డ పుట్టేదొకచోట, ప్రాణం తీసేది ఇంకోచోట

ఈ జబ్బుకు డాక్టర్ల పేరు పల్మనరీ ఎంబాలిజం. ఆసుపత్రుల్లో పొట్టిగా పీఈ అంటారు. గడ్డ చాలావరకు ఊపిరితిత్తుల్లో పుట్టదు. పిక్కలోనో తొడలోనో లోపలి సిరలో రక్తం పేరుకుని గడ్డ కడుతుంది. అందులో ఒక ముక్క తెగి పైకి కొట్టుకుపోయి, గుండె కుడి భాగం గుండా ఊపిరితిత్తుల ధమనిలోకి వెళ్లి ఇరుక్కుంటుంది. నడిచేటప్పుడు పిక్క కండ బిగిసి వదులుతూ చేతిపంపులా రక్తాన్ని పైకి తోస్తుంటుంది. కదలకుండా కూర్చుంటే ఆ పంపు ఆగినట్టే. లండన్ కుర్చీ కథంతా ఇంతే.

ఈ ప్రయాణాన్ని మొదట పట్టుకున్నది జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో, 1840ల చివర్లో, పాతికేళ్ల వయసులో. అంతకు ముందు ఊపిరితిత్తుల్లో గడ్డ కనబడితే అక్కడే పుట్టిందనుకునేవారు. థ్రాంబోసిస్, ఎంబాలిజం అనే మాటలు ఆయన పెట్టినవే. ఆయన పుట్టినరోజు అక్టోబరు 13. 2014 నుంచి ఆ రోజున ప్రపంచ థ్రాంబోసిస్ దినం జరుపుతున్నారు. ఒక తమాషా ఉంది. రక్తం నిలిచిపోవడం, రక్తనాళం గోడ దెబ్బతినడం, రక్తం తేలిగ్గా గడ్డ కట్టే స్వభావం, ఈ మూడింటినీ కలిపి వైద్య విద్యార్థులు ‘విర్కో త్రయం’ అని బట్టీ పడతారు. ఆ త్రయాన్ని ఆయన ఎక్కడా ఆ రూపంలో రాయలేదు. ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు ఇతరులు కూర్చి ఆయన పేరు తగిలించారు.

35 మంది సరిపోయారు

రక్తాన్ని గడ్డ కట్టనివ్వని హెపారిన్ మందు 1916లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో, జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి చేతిలో బయటపడింది. మెక్లీన్ వెతుకుతున్నది రక్తాన్ని గడ్డ కట్టించే పదార్థం కోసం. దొరికింది దానికి పూర్తిగా ఎదురు గుణమున్నది.

అది నిజంగా ప్రాణాలు నిలుపుతుందా అన్నది తేలడానికి 44 ఏళ్లు పట్టింది. 1960లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో బారిట్, జోర్డన్ అనే ఇద్దరు వైద్యులు పీఈ వచ్చిన 35 మందిని రెండు గుంపులు చేశారు. మందు ఇవ్వని 19 మందిలో ఐదుగురు గడ్డ వల్లే చనిపోయారు. మరో ఐదుగురికి ప్రాణం పోకున్నా గడ్డ మళ్లీ వచ్చింది. మందు ఇచ్చిన 16 మందిలో గడ్డ వల్ల ఒక్కరూ పోలేదు. తేడా అంత కళ్లకు కట్టాక, మందు ఇవ్వకుండా పోల్చి చూడటం ఇక తప్పని ఆపేశారు.

గడ్డ కట్టకముందే ఆపొచ్చా అన్న ప్రశ్నకు జవాబు చెప్పినవారిలో భారత సంతతి సర్జన్ ఒకరున్నారు. లండన్ కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో పనిచేసిన విజయ్ కక్కర్. పెద్ద ఆపరేషన్లు చేయించుకునేవారికి ముందుగానే కొద్ది మోతాదులో హెపారిన్ ఇస్తూ, పలు దేశాల్లో 4,121 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలను 1975లో ప్రకటించారు. హెపారిన్ ఇవ్వనివారిలో పెద్ద గడ్డ అడ్డుపడి 16 మంది పోతే, ఇచ్చినవారిలో ఇద్దరే పోయారు. ఆపరేషన్ అయ్యాక పొట్ట మీద వేసే చిన్న సూది చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ అలవాటు వెనక ఉన్నది ఇలాంటి లెక్కలే. కక్కర్ పెట్టిన థ్రాంబోసిస్ పరిశోధన సంస్థకు లండన్‌తో పాటు బెంగళూరులోనూ శాఖ ఉంది.

పురిటి మంచం

గర్భిణికి గడ్డ ముప్పు ఉంటుందని వినే ఉంటారు. ఆ మాట బాలింతకు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. ప్రసవంలో రక్తం ఎక్కువ పోకుండా ప్రకృతి ఆ రోజుల్లో రక్తాన్ని కాస్త త్వరగా గడ్డ కట్టేలా చేస్తుంది. దాని ఖరీదు ఇది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం ఓమ్‌స్టెడ్ కౌంటీలో 1966 నుంచి 1995 దాకా ముప్ఫై ఏళ్ల రికార్డులు తిరగేశారు. ఏడాది కాలపు లెక్కన చూస్తే, కడుపుతో ఉన్నప్పుడు లక్షకు 11 మందికి పీఈ వస్తే ప్రసవం తర్వాత లక్షకు 160 మందికి వచ్చింది. అయితే ఆ ముప్ఫై ఏళ్లలో బాలింతల పీఈ సగానికి పైగా తగ్గిపోయింది. గర్భిణుల్లో గడ్డల రేటు మాత్రం ఉన్నచోటే ఉంది. బాలింతను రోజుల తరబడి పడుకోబెట్టే పద్ధతి ఆ కాలంలోనే పోయింది కాబట్టి కారణం అదేనేమో అనిపిస్తుంది. మన ఇళ్లలో మూడో రోజు నుంచే బాలింత మంచం దిగి తిరుగుతుంటే ముసలమ్మలు గొణుక్కుంటారు. తిరగనివ్వండి.

బ్రిటన్‌లో ప్రసూతి మరణాల లెక్క మూడేళ్లకోసారి తీసేవారు. గర్భిణులకు, బాలింతలకు గడ్డ ముప్పును ముందే అంచనా కట్టి సూది ఇవ్వాలని 2004లో అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం సూచించింది. 2003–05లో గడ్డల వల్ల 41 మంది తల్లులు పోతే, 2006–08లో 18 మంది. చేసిందల్లా ముందుగా అడగడం, అవసరమైనవారికి మందు ఇవ్వడం.

టెన్నిస్ క్రీడాకారిణి సెరెనా విలియమ్స్‌కు 2011లో ఒకసారి పీఈ వచ్చింది. 2017 సెప్టెంబరులో సిజేరియన్ అయిన మర్నాడు ఊపిరి ఆడకపోతే, గడ్డే అని ఆమే గుర్తుపట్టి స్కాన్ తీయమని, హెపారిన్ పెట్టమని ఆసుపత్రివాళ్లకు చెప్పింది. ముందు కాళ్లకు అల్ట్రాసౌండ్ తీశారు. ఏమీ కనబడలేదు. తర్వాత సీటీ తీస్తే ఊపిరితిత్తుల్లో గడ్డలు. తనకు పాత అనుభవం ఉంది కాబట్టి పట్టుబట్టింది. అంత గట్టిగా అడిగే బాలింతలు ఎందరుంటారు?

మాత్ర చుట్టూ భయాలు

1961లో ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో ఒక డాక్టరు లాన్సెట్‌కు చిన్న ఉత్తరం రాశాడు. ఈయన పేరూ జోర్డనే. బ్రిస్టల్ జోర్డన్ వేరు, ఈయన వేరు. గర్భాశయ సమస్యకు గర్భనిరోధక మాత్ర వాడుతున్న ఒక నర్సుకు ఊపిరితిత్తుల్లో గడ్డలు వచ్చాయని ఆ ఉత్తరం సారాంశం. మాత్రకూ గడ్డకూ సంబంధం ఉందేమోనన్న అనుమానం అలా మొదలైంది. తొలి మాత్రలో ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములు ఉండేది. 1969 చివర్లో బ్రిటన్ దాన్ని 50కి దించమంది. ఇప్పటి మాత్రల్లో మామూలుగా 20 నుంచి 35 ఉంటుంది. మన దగ్గర గోడల మీద, రేడియోలో దశాబ్దాలుగా ప్రచారమైన మాలా-డి మాత్రలో ఉన్నది 30.

1995 అక్టోబరులో బ్రిటన్‌లో పెద్ద గగ్గోలు రేగింది. కొన్ని కొత్త రకం మాత్రలు గడ్డ ముప్పును రెట్టింపు చేస్తాయని ప్రభుత్వ కమిటీ డాక్టర్లకు అత్యవసరంగా ఉత్తరాలు పంపింది. టీవీల నిండా అదే వార్త. చాలామంది ఆడవాళ్లు మాత్ర మధ్యలోనే మానేశారు. ఆ మరుసటి ఏడాది అక్కడ అబార్షన్లు పెరిగాయి. ఇంతకీ ఆ రెట్టింపు ఎంత? తర్వాత స్థిరపడిన లెక్క ప్రకారం ఏడాదికి లక్ష మందిలో పాత మాత్ర వాడేవారిలో 15 మందికి, కొత్తది వాడేవారిలో 25 మందికి గడ్డలు వస్తాయి. గర్భం దాల్చినవారిలో 60 మందికి. అంటే గడ్డకు భయపడి మాత్ర మానేసి గర్భం దాల్చినవారు చిన్న ముప్పును తప్పించుకోబోయి పెద్దదాన్ని కొనితెచ్చుకున్నట్టయింది. ‘రెట్టింపు’ అని పత్రికలో చదివినప్పుడల్లా దేనికి రెట్టింపు అని అడగాలని నాకు నేర్పిన కథ ఇది.

సీటు ఖరీదుతో పని లేదు

విమానంలో చౌక సీట్లలో గంటల తరబడి కూర్చుంటే వచ్చే గడ్డలకు ఎకానమీ క్లాస్ సిండ్రోమ్ అనే పేరు 1970లలో పుట్టింది. విషయం అంతకంటే పాతది. బోస్టన్ సర్జన్ జాన్ హోమన్స్ 1954లోనే ఎక్కువసేపు కూర్చోవడం వల్ల కాలి సిరల్లో గడ్డలు వచ్చినవారి గురించి రాశాడు. వాళ్లలో 14 గంటలు విమానంలో కూర్చున్న డాక్టరు ఒకరు. కారులో దూరప్రయాణం చేసినవారున్నారు. నాటకం చూడటానికి వెళ్లిన మనిషీ ఒకరున్నారు. బిజినెస్ క్లాసులో కూర్చున్నా కాళ్లు కదపకపోతే జరిగేది అదే కాబట్టి ఆ పేరు తప్పుదారి పట్టించేదని డాక్టర్లు ఎప్పటినుంచో అంటున్నారు. పేరు మాత్రం పోలేదు.

దూరం పెరిగేకొద్దీ ముప్పు ఎలా పెరుగుతుందో పారిస్‌లోని చార్లెస్ డి గాల్ విమానాశ్రయంలో లెక్క తీశారు. 1993 నుంచి 2000 దాకా అక్కడ దిగిన 13 కోట్ల 50 లక్షల మందిలో 56 మందికి దిగగానే పీఈ తేలింది. 5 వేల కిలోమీటర్ల లోపు వచ్చినవారిలో పది కోట్ల మందికి ఒకరు. 10 వేలు దాటి వచ్చినవారిలో పది లక్షల మందికి దాదాపు ఐదుగురు. పిల్లల దగ్గరికి డాలస్ వెళ్లే మన అమ్మానాన్నలకు దుబాయ్ నుంచి డాలస్ దాకా ఒక్క అంగలోనే 13 వేల కిలోమీటర్లు. పైగా ఎక్కేవాళ్లకు 60 ఏళ్లు దాటి ఉంటాయి, మోకాళ్ల నొప్పులుంటాయి, పక్క సీటువాళ్లను లేపడానికి మొహమాటం ఉంటుంది.

పారిస్ లెక్కలో వచ్చింది విమానం దిగగానే దొరికినవాళ్లే. గడ్డ రెండు వారాల తర్వాత కూడా బయటపడొచ్చు. అవన్నీ కలిపి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పిన అంచనా: నాలుగు గంటలకు మించిన విమాన ప్రయాణం చేసినవారిలో సుమారు 6 వేల మందికి ఒకరు. బస్సు, రైలు, కారు ప్రయాణాలకూ ముప్పు ఉంది. అంటే హైదరాబాద్–తిరుపతి రాత్రి బస్సుకూ ఆ సూత్రమే. బాగా పొడుగువారికీ బాగా పొట్టివారికీ విమానంలో ముప్పు కాస్త ఎక్కువ. పొట్టివారికి కాళ్లు నేలకు ఆనక సీటు అంచు తొడ కింద నొక్కుతుంది. లండన్ కుర్చీ మళ్లీ గుర్తొస్తుంది కదా!

2004 అక్టోబరులో జపాన్‌లోని నీగాతాలో భూకంపం వచ్చింది. ప్రకంపనలు ఆగకపోవడంతో ఇళ్లలోకి వెళ్లడానికి భయపడి వేలమంది కార్లలోనే రాత్రుళ్లు గడిపారు. వాళ్లలో కొందరు పీఈతో చనిపోయారు. 2016 కుమామోతో భూకంపంలోనూ ఇలాగే జరిగింది. విమానం వాసన కూడా లేని ఈ మరణాలకు జపాన్ పత్రికలు పెట్టే పేరు ఏమిటనుకున్నారు? ఎకానమీ క్లాస్ సిండ్రోమే.

2003లో న్యూజిలాండ్ వైద్యులు ఇంకో కొత్త పేరు పెట్టారు: ఈ-థ్రాంబోసిస్. 32 ఏళ్ల యువకుడు రోజుకు 12 గంటలు, ఒక్కోసారి 18 గంటలు కంప్యూటరు ముందు కూర్చుని ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. మాదాపూర్, గచ్చిబౌలిలో ఉద్యోగాలు చేసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

కన్ను పదునెక్కింది

ఇప్పుడు అసలు చిక్కు లెక్క. అమెరికాలో 1993 నుంచి 1998 దాకా పీఈ రేటు ఇంచుమించు కదలకుండా ఉంది. ఏడాదికి లక్షకు 60 చుట్టూ. 1998 నుంచి 2006 నాటికి అది 62 నుంచి 112కి ఎగబాకింది. ఎనిమిదేళ్లలో 81 శాతం. అమెరికన్లంతా ఒక్కసారిగా కాళ్లు కదపడం మానేశారా?

మారింది స్కానర్. అంతకు ముందు పీఈ పట్టుకోవడం ఒక యాతన. గాలి, రక్తం ఎక్కడెక్కడికి చేరుతున్నాయో చూపే పాత ఊపిరితిత్తుల స్కాన్ చాలాసార్లు అవునూ కాదూ తేల్చేది కాదు. ధమనిలోకి గొట్టం పెట్టి తీసే యాంజియోగ్రఫీకి రోగులూ డాక్టర్లూ జంకేవారు. 1990లలో కొత్త తరం సీటీ స్కాన్ వచ్చింది. సిరలోకి మందు ఎక్కించి క్షణాల్లో ఊపిరితిత్తుల ధమనులన్నీ బొమ్మగా తీసేయొచ్చు. 1998 తర్వాత అమెరికా ఆసుపత్రుల్లో అది మామూలైపోయింది. అత్యవసర విభాగంలో ఎవరు ఛాతీ నొప్పి అన్నా స్కాన్.

ఈ లెక్కలు కట్టిన రెండా వీనర్, లీసా ష్వార్జ్, స్టీవెన్ వొలోషిన్ 2011లో ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వేశారు. కొత్తగా దొరికినవన్నీ ప్రాణం తీసే గడ్డలే అయితే, వాటిని పట్టుకుని వైద్యం చేశాక మరణాలు గణనీయంగా పడిపోవాలి కదా? జనాభాలో పీఈ మరణాల రేటు 1998లో లక్షకు 12.3 ఉంటే 2006లో 11.9. దాదాపు అక్కడే ఉంది. స్కాన్ రాకముందు ఐదేళ్లలోనే అంతకంటే ఎక్కువ తగ్గింది. కానీ పీఈ అని తేలిన ప్రతి వందమందిలో చనిపోయేవారు 12 నుంచి 8కి పడిపోయారు. పేపర్లో చదివితే వైద్యం ఎంత బాగుపడిందో అనిపిస్తుంది. పాలలో నీళ్లు కలిపితే వెన్న శాతం తగ్గినట్టు, చిన్నచిన్న గడ్డలను లెక్కలో కలిపేసరికి మరణాల శాతం తగ్గింది. కొంత వైద్యం వల్లా అయ్యుండొచ్చు గానీ, పెద్ద వాటా ఇదేనని వాళ్ల అభిప్రాయం. నాకూ అదే సబబనిపిస్తుంది.

ఇలా ఎక్కువ గడ్డలు పట్టుకోవడానికి ఖర్చూ ఉంది. పీఈ అంటే రక్తాన్ని పలుచబరిచే మందు నెలల తరబడి ఇస్తారు. అదే కాలంలో ఆ మందుల వల్ల రక్తస్రావం లాంటి చిక్కులు లక్షకు 3.1 నుంచి 5.3కి పెరిగాయి. స్కానర్ పదునెక్కేకొద్దీ కొసన ఉండే అతిసన్నని కొమ్మల్లోని గడ్డలు కూడా బయటపడుతున్నాయి. పాత సీటీలో దొరికిన పీఈల్లో అలాంటివి సుమారు 5 శాతం ఉంటే కొత్త సీటీలో 9 శాతం. ఒంటిలో ఏ హానీ చేయకుండా పుట్టి కరిగిపోయే చిన్న గడ్డలు మనలో ఎందరికి వస్తున్నాయో! ఊపిరితిత్తులు వాటికి జల్లెడగా పనిచేస్తాయనే వైద్యులున్నారు. అందుకే అలాంటి ఒక్క చిన్న గడ్డే ఉండి, కాళ్లలో ఏమీ లేకపోతే, మందు లేకుండా గమనిస్తూ ఉండటం ఇప్పుడు కొందరి విషయంలో ఒప్పుకున్న పద్ధతి. ఆ నిర్ణయం డాక్టరుదే, మనది కాదు.

రెండు ఖండాలు రెండు దారులు

యూరప్‌లో వయసు తేడాలను సరిచేసి చూస్తే పీఈ మరణాల రేటు 2000లో లక్షకు 12.8 ఉండేది. 2015 నాటికి 6.5. సగం. అమెరికాలో కూడా, పైన చెప్పినదానికి భిన్నంగా మరో అధ్యయనం కట్టిన లెక్కలో, 2008 దాకా ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గుతూ వచ్చి అక్కడ ఆగింది. ఆ తర్వాత నెమ్మదిగా పెరగడం మొదలైంది. పెరిగింది ముసలివాళ్లలో కాదు, 65 ఏళ్ల లోపువారిలో. ఊబకాయం మీద చాలామందికి అనుమానం. వయసును సరిచేయడం ఎందుకంటే, పీఈ ముప్పు వయసుతో వేగంగా పెరుగుతుంది. ముసలివాళ్లు ఎక్కువైన దేశంలో జబ్బు స్వభావం మారకపోయినా రేటు పెరిగినట్టే కనబడుతుంది.

మనవాళ్లకు రాదట!

ఆసియావాళ్లకు ఈ జబ్బు అరుదని పుస్తకాల్లో చాలాకాలం రాశారు. అందులో కొంత నిజముంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆసియా సంతతివారిలో గడ్డల రేటు తెల్లవారికంటే చాలా తక్కువ. 1994లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో కనుక్కున్న ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ అనే జన్యు మార్పు గడ్డలకు దారితీస్తుంది. యూరప్ జాతుల్లో నూటికి ఐదుగురి దాకా అది ఉంటుంది. తూర్పు ఆసియాలో దాదాపు లేదు.

అయితే చండీగఢ్ పీజీఐలో వెయ్యి శవపరీక్షలను తిరగేసి 2008లో చెప్పిన లెక్క చూడండి. 159 శవాల్లో ఊపిరితిత్తుల గడ్డ దొరికింది. మన పొరుగున తమిళనాడులోని వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో 1996 నుంచి 2005 దాకా చేరిన ప్రతి పదివేల మంది రోగుల్లో 17 మందికి కాలి సిరల గడ్డ తేలింది. మనకు తక్కువే కావచ్చు, లేకపోవడం మాత్రం కాదు. మన దేశంలో శవపరీక్షలు చేసేది తక్కువ. హఠాత్తుగా పోతే ‘గుండెపోటు’ అని రాసేస్తారు, ఊళ్లోనూ అదే చెప్పుకుంటాం. ఆ గుండెపోట్లలో ఎన్ని కాలి గడ్డలు కలిసిపోయాయో ఏ రిజిస్టరూ చెప్పదు.

కోవిడ్ కాలంలో జర్మనీలోని హాంబర్గ్ నగరం ఈ పాఠాన్ని మళ్లీ చూపించింది. కోవిడ్ సోకి చనిపోయినవారికి అక్కడ శవపరీక్ష తప్పనిసరి చేశారు. మొదటి 12 మందిలో ఏడుగురికి కాళ్లలో గడ్డలున్నాయి. బతికుండగా వాటిని ఎవరూ అనుమానించలేదు. నలుగురి చావుకు కారణం పీఈ. ఆ 12 శవాల లెక్క 2020 మే నెలకల్లా ప్రపంచమంతా పాకింది. కోవిడ్ రోగులకు హెపారిన్ ఇవ్వడం మామూలైంది. మరుసటి ఏడాది సెకండ్ వేవ్‌లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో డీ-డైమర్ అనే పరీక్ష పేరు ఇంటింటికీ తెలిసిపోయింది. అది కరుగుతున్న గడ్డ తాలూకు అవశేషాన్ని కొలిచే రక్తపరీక్ష. ఫలితం మామూలుగా ఉంటే, ముప్పు తక్కువున్న మనిషిలో గడ్డ లేదని ధైర్యంగా చెప్పొచ్చు. ఎక్కువుంటే మాత్రం గడ్డ ఉందని తేలినట్టు కాదు. జ్వరం, గర్భం, గాయం, ముసలితనం, ఏదైనా దాన్ని పెంచగలదు. ఆ రోజుల్లో ల్యాబు కాగితం చూసుకుని నిద్ర మానేసినవాళ్లకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

ఒక కాలే వాచి నొప్పెడుతున్నా, కారణం లేకుండా ఆయాసం వచ్చినా, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పొడుస్తున్నట్టున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. గత నెల రోజుల్లో ఆపరేషన్ అయిందనో, దూరప్రయాణం చేశారనో, కాన్పయి ఆరు వారాలు దాటలేదనో, మాత్రలు వాడుతున్నారనో డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.